ఎడారిలో కార్పెట్టు ఎవరి కోసం?

ఏడాది మొత్తానికి ఏడెనిమిది అంగుళాల వాన పడే ఊళ్ళో, గోడ నుంచి గోడ దాకా కార్పెట్ పరిచి మేకుల పట్టీలతో నేలకి బిగించాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, ఆయన జన్మలో ఇల్లు ఊడ్చి ఉండడు. నేనుండే ఫీనిక్స్ గురించే చెప్తున్నా. ఛాండ్లర్లో చూసినా, టెంపేలో చూసినా అద్దె అపార్ట్‌మెంట్లలో బెడ్రూముల నిండా కార్పెట్టే. మనవాళ్ళు అద్దె, ఆఫీసుకి దూరం, ఇండియన్ స్టోర్‌కి దూరం అన్నీ ఎక్సెల్ షీట్లో లెక్కేస్తారు. కాళ్ళ కింద ఏముందో మాత్రం చూడరు. ఇంట్లో పాకే పిల్ల ఉన్నప్పుడు గానీ అదెంత ముఖ్యమో తెలిసిరాదు.

"ఎడారి దేశాల్లోనే కదా తివాచీలు పుట్టింది?" అని అడగొచ్చు. నిజమే. పర్షియా తివాచీల సంగతి అందరికీ తెలిసిందే. మన ఏలూరులోనూ తివాచీలు నేస్తారు, వరంగల్ జంపఖానాలకి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ వాటన్నిటికీ ఒక సుగుణం ఉంది. చుట్టి బయటికి తీసుకెళ్ళి, దండెం మీద వేసి, కర్రతో నాలుగు బాది, ఎండలో ఆరేయొచ్చు. నేలకి బిగించిన కార్పెట్‌కి ఆ యోగం లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జార్జియాలోని డాల్టన్ మిల్లుల నుంచి చవగ్గా తయారై అమెరికా అంతా పరుచుకున్న సరుకది. చలి ఊళ్ళకి బాగానే ఉంటుంది. 110 డిగ్రీల ఎండలో, ఇసుక గాలిలో దానికేం పనో నాకర్థం కాదు.

అసలు దుమ్ము కార్పెట్‌ని ఏం చేస్తుందో చాలామందికి తెలీదు. మాసిపోవడం చిన్న సమస్య. ఇసుక రేణువులకి పదునైన అంచులుంటాయి. అవి పోగుల మొదట్లోకి దిగిపోతాయి. మనం నడిచినప్పుడల్లా పోగుల్ని గీరుతుంటాయి. హాల్ నుంచి బెడ్రూంకి వెళ్ళే దారిలో బూడిదరంగు చార కనిపిస్తుందే, అందులో సగం మురికి కాదు, అరుగుదల. దాన్ని ఏ షాంపూ తీయలేదు. మన భాషలో చెప్పాలంటే మెమరీ లీక్ లాంటిదన్నమాట. రోజూ ఏమీ తెలీదు, తెలిసే రోజుకి చేయి దాటిపోయి ఉంటుంది.

కాబట్టి నా మొదటి అభిప్రాయం: ఎంత ఖరీదైన వాక్యూమ్ క్లీనర్ అయినా గుమ్మం బయట చెప్పులు విడవడం తర్వాతే. ఇది మన అమ్మమ్మలు ఎప్పుడో చెప్పిన సంగతి. మనమే ఇక్కడికొచ్చాక మొహమాటపడి, ఆఫీసువాళ్ళు ఇంటికొస్తే "పర్లేదు, షూస్ ఉంచుకోండి" అంటున్నాం. అనొద్దు. నవ్వుతూ చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. గుమ్మానికి బయటొకటి, లోపలొకటి డోర్ మ్యాట్ వేసి, వారానికోసారి రెండూ దులపండి. తలుపు కింద సందు ఉంటే రబ్బరు పట్టీ వేయండి.

రెండోది, వాక్యూమ్ చేసే పద్ధతి. చాలామంది గడ్డి కోసినట్టు గబగబా లాగేస్తారు. అలా చేస్తే పైన వెంట్రుకలు తప్ప అడుగున ఉన్న ఇసుక రాదు. నెమ్మదిగా, ఒకే చోట నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి లాగాలి. నడిచే దారుల్లో వారానికి రెండు మూడుసార్లు, మంచాల కింద వారానికోసారి చాలు. డబ్బా నిండేదాకా ఆగకండి, నిండుతున్న కొద్దీ పీల్చే బలం తగ్గిపోతుంది. హెపా ఫిల్టర్ ఉన్నది కొనుక్కోండి. లేకపోతే ముందు పీల్చిన సన్నటి దుమ్ముని వెనకనుంచి మన మొహానే కొడుతుంది :)

జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఇక్కడ మాన్సూన్ కాలం. అంటే వాన కంటే ముందు హబూబ్ వస్తుంది. 2011 జూలై 5న వచ్చిన దుమ్ము గోడ దాదాపు మైలు ఎత్తుందట, వీడియోలు చూస్తే భయమేస్తుంది. అలాంటిది వస్తుంటే కిటికీలు మూసేయండి. మీది బయటి గాలిని లోపలికి లాగే పాతకాలపు కూలర్ అయితే కట్టేయండి. గాలి తగ్గిన వెంటనే వాక్యూమ్ తీయకండి. ముందు దుమ్ము కిందకి దిగనివ్వండి. తర్వాత కిటికీ అంచులు తడిగుడ్డతో తుడిచి, ఆఖర్న కార్పెట్ సంగతి చూడండి. ఆ కాలంలో ఏసీ ఫిల్టర్ నెలకోసారి మార్చడం మంచిది.

మూడోది, తడి పిచ్చి తగ్గించుకోవాలి. నెలనెలా షాంపూ మెషీన్ అద్దెకి తెచ్చేవాళ్ళున్నారు. దుమ్ము పూర్తిగా లాగకుండా నీళ్ళు పోస్తే తయారయ్యేది బురద. సబ్బు మిగిలిపోతే అది జిగురులా మారి కొత్త దుమ్ముని పట్టుకుంటుంది. పైగా ఇక్కడి నీళ్ళు బాగా కఠినం. ఏడాదికో ఏడాదిన్నరకో ఒకసారి వేడి నీళ్ళతో మంచి మెషీన్ పెట్టి చేయిస్తే సరిపోతుంది.

పసుపు మరక గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. సాంబారు ఒలికితే వెంటనే సబ్బుతోనో, వంట సోడాతోనో రుద్దుతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మనకి తెలీదా? పారాణి అలాగే కదా కలుపుతారు! క్షారం ఏదైనా అదే పని చేస్తుంది. ముందు పొడిగుడ్డతో అద్ది, తర్వాత చల్లటి నీళ్ళతో అద్దండి. మిగిలిన మరక మీద ఎండ పడనివ్వండి, పసుపు రంగు ఎండకి వెలిసిపోతుంది. ఈ ఊళ్ళో ఉచితంగా దొరికేది అదొక్కటేగా.

తలుపు తట్టి "మీ కార్పెట్‌లో కోట్ల పురుగులున్నాయి" అని భయపెట్టే సేల్స్ వాళ్ళని కూడా నమ్మకండి. డస్ట్ మైట్స్‌కి గాలిలో తేమ కావాలి. ఇంత పొడి ఊళ్ళో అవి పెద్దగా బతకలేవు. ఇక్కడ అసలు భయపడాల్సింది వ్యాలీ ఫీవర్‌కి. అది మట్టిలో ఉండే ఫంగస్, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అది ప్రధానంగా బయటి గాలి వల్ల వచ్చేది. దుమ్ము తుఫానులో పిల్లల్ని బయట ఆడనివ్వకపోవడం ఏ కార్పెట్ ట్రీట్‌మెంట్ కన్నా ముఖ్యం.

ఇక అందరికీ కోపం తెప్పించే మాట. ఈ పనంతా ఎవరు చేస్తున్నారు? నేను చూసిన చాలా ఇళ్ళల్లో హెచ్-4 మీద వచ్చిన భార్య. అక్కడ బ్యాంకులో ఉద్యోగం చేసిన అమ్మాయి ఇక్కడ వాక్యూమ్ లాగుతుంటే, భర్తగారు సోఫాలోంచి కాళ్ళు పైకెత్తడమే సాయం అనుకుంటాడు. ప్రొడక్షన్ ఇష్యూ వస్తే అర్ధరాత్రి లేచి కూర్చుంటాంగా, శనివారం అరగంట వాక్యూమ్ పట్టుకుంటే ఏం పోతుంది బాబూ?

చివరగా డిపాజిట్. అరిజోనా చట్టం ప్రకారం చేరేటప్పుడు ఇంట్లో ఉన్న లోపాలు రాసుకునే ఫారం మనకివ్వాలి. దాన్ని ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చేయకండి. ప్రతి చారనీ, మరకనీ రాసి ఫొటోలు తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు జరిగే తనిఖీకి మనం పక్కన ఉండొచ్చు. తాళాలిచ్చేశాక డిపాజిట్ అడిగితే, సెలవులు తీసేసి 14 రోజుల్లో దేనికెంత కోశారో పద్దు రాసివ్వాలి. మామూలుగా నడిస్తే అరిగిన కార్పెట్ వేరు, మనం పాడుచేసింది వేరు. ఆ తేడా గట్టిగా అడగకపోతే ముందు కాపురమున్నవాడి సాంబారుకి కూడా మనమే కట్టాల్సొస్తుంది.

సొంతిల్లు కొనుక్కుంటున్నవాళ్ళకి ఒకే మాట: బిల్డర్ ఆప్షన్ల లిస్టులో కార్పెట్ చవక అని టిక్ పెట్టేయకండి. టైల్స్ వేయించుకోండి. మెత్తగా కావాలనిపిస్తే ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు ఓ వరంగల్ జంపఖానా తెచ్చుకోండి. దులుపుకోవచ్చు, మనవాళ్ళకి నాలుగు డబ్బులూ వస్తాయి.