ఇంగ్లీషు తరగతిలో నవ్వు ఎవరి మీద?

ఆనందాన్ని కూడా పీరియడ్లు వేసి బోధించవలసిన రోజులు వస్తాయని నేనెన్నడూ అనుకోలేదు. 2018 జూలైలో ఢిల్లీ ప్రభుత్వం తన పాఠశాలల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా 'హ్యాపీనెస్ కరిక్యులమ్' ప్రారంభించింది. మరుసటి ఏడు మన రాష్ట్రంలోనూ 'ఆనందవేదిక' అనే పేరు వినపడింది. ఆ రోజుల్లో మా ఉపాధ్యాయుల గదిలో ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇంతకీ దీనికి మార్కులెన్నండీ?" అని అడిగారు. అందరం నవ్వాం. ఆ ప్రశ్నలో వెటకారం కన్నా అనుభవమే ఎక్కువ ఉందని నాకు తర్వాత తెలిసింది.

నేను చేబ్రోలు పరిసరాల్లో చాలా ఏళ్ళుగా ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ఇంగ్లీషు బోధనలో సానుకూల మనస్తత్వశాస్త్రాన్ని, దాని నుంచి పుట్టిన ఆనంద కృత్యాలను వాడుకోవాలని వాదించేవారితో నాకు సగం అంగీకారం, సగం పేచీ. ఆ రెండు సగాల గురించే ఈ టపా.

మా ఊరు చూసినవారికి కోనేటి నడుమనున్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయం గుర్తుండే ఉంటుంది. రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. నాలుగు నోళ్ళున్న దేవుడు, ఆ నాలుకల మీద సరస్వతి కొలువైన దేవుడు ఉన్న ఊళ్ళో, ఇంగ్లీషు పీరియడు రాగానే పిల్లలకు ఉన్న ఒక్క నోరూ పెగలకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఇంజనీరింగు పూర్తిచేసిన పాత విద్యార్థులు సైతం ఇంటర్వ్యూకు ముందు వచ్చి, "గ్రామర్ వచ్చు సార్, నోరే రాదు" అంటారు. వ్యాకరణం వచ్చినవాడికి నోరు రాకపోవడానికి కారణం వ్యాకరణంలో దొరకదు కదా.

ఈ శాస్త్రం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. 1998లో అమెరికా మనస్తత్వశాస్త్రవేత్తల సంఘానికి అధ్యక్షుడైన మార్టిన్ సెలిగ్‌మన్, మనసుకు వచ్చే జబ్బులనే కాక మనసు బాగుండడాన్ని కూడా శాస్త్రం పట్టించుకోవాలన్నాడు. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ అనే ఆవిడ, భయం మనిషి చూపును ఒక్కచోటికి కుదించివేస్తుందనీ, సంతోషం ఆ చూపును విశాలం చేసి కొత్తవాటికి చొరవనిస్తుందనీ ప్రతిపాదించింది. భాషాబోధకులకు ఇది పూర్తిగా కొత్త కాదు. భయం, సిగ్గు, విసుగు కలిసి మనసులో ఒక అడ్డుతెర కడతాయనీ, ఆ తెర ఉండగా ఎంత మంచి పాఠమైనా లోపలికి వెళ్ళదనీ స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లోనే అన్నాడు. ఆ తెరను కొలిచేదెట్లా అని ఆయన విమర్శకులు నేటికీ అడుగుతూనే ఉన్నారు, అది వేరే తగాదా. 1986లో ఎలైన్ హార్విట్జ్, ఆమె సహచరులు పరభాషా తరగతిలోని భయాన్ని కొలవడానికి ముప్పైమూడు వాక్యాలతో ఒక కొలబద్ద తయారుచేశారు. నేను మాట్లాడితే తోటివాళ్ళు నవ్వుతారేమో అన్న భయం అందులో ఒకటి. తక్కిన ముప్పైరెండూ పక్కన పెట్టినా మా పిల్లల సంగతి చెప్పడానికి ఆ ఒక్కటీ చాలు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చిన పరిశోధన 2014 నాటిది. జాన్‌మార్క్ డెవాల్, పీటర్ మెకింటైర్ అనే ఇద్దరు, లోకం నలుమూలల్లో పరభాష నేర్చుకుంటున్న 1746 మందిని పరిశీలించి, తరగతిలో కలిగే ఆనందం, ఆందోళన ఒకే త్రాసులోని రెండు పళ్ళాలు కావని తేల్చారు. ఒకటి లేచినంత మాత్రాన రెండోది దిగిపోవాలని లేదు. రెండూ ఒకే పిల్లవాడిలో, ఒకే గంటలో ఉండవచ్చు. అంటే ఆటలాడించి, పాటలు పాడించి తరగతిని ఎంత ఉల్లాసపరచినా, లోపలి భయం ఉన్నచోటనే ఉండిపోవచ్చు. మన శిక్షణ తరగతుల్లో ఈ సంగతి ఎవరైనా నొక్కి చెప్పగా నేను వినలేదు.

భయం ఎక్కడ పుడుతుందో నాకు ఒక అమ్మాయి నేర్పింది. పుష్కరం పైమాటే. ఏడో తరగతిలో పాఠం చదివిస్తున్నాను. ఆ అమ్మాయి లేచి చక్కగా చదువుకుంటూ వచ్చి, 'ఐలాండ్' అనవలసిన చోట 'ఇస్లాండ్' అంది. తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. దురుద్దేశంతో కాదు, నవ్వొచ్చింది కాబట్టి నవ్వాను. ఆ అమ్మాయి మిగతా పేరా పూర్తిచేసి కూర్చుంది. తర్వాత పదో తరగతి పాసయింది, ఇంగ్లీషులో మార్కులూ బాగానే వచ్చాయి. నా తరగతిలో మాత్రం మళ్ళీ తనంతట తానుగా నోరు విప్పలేదు. హాజరు పిలిచినప్పుడు పలికే ఆ ఒక్క మాట తప్ప.

ఆలోచిస్తే ఆ అమ్మాయి చేసిన తప్పేమిటి? తెలుగు పిల్ల. రాసినదంతా పలకాలి, పలికినదంతా రాయాలి అని అక్షరాభ్యాసం నాటి నుంచి నేర్చుకున్నది. అక్షరం ఉంది, పలికింది. పలకని అక్షరాన్ని రాసుకోవడం ఇంగ్లీషువాళ్ళ అలవాటు. ఆ ఎస్ కథ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. పాత ఇంగ్లీషులో ఆ మాటకు ఎస్ లేనే లేదు. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'ఐల్' అనే మరో మాటతో దీనికి చుట్టరికం ఉందని పొరబడి, తర్వాతి వాళ్ళు ఆ అక్షరాన్ని తెచ్చి తగిలించారు. 'డెట్' అనే మాటలో మూగ బీ కూడా అటువంటిదే. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దానికి బీ లేదు, లాటిన్ మూలం మీది భక్తితో పండితులు చేర్చారు.

ఇప్పుడు ఏ తరగతిలోనైనా మొదటి వారంలోనే ఈ కథ చెబుతాను. "ఇంగ్లీషు పండితులకే స్పెల్లింగు తప్పు పోయిందర్రా, మనం నాలుగు వందల ఏళ్ళుగా ఆ తప్పును బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నాం" అంటే పిల్లలు విరగబడి నవ్వుతారు. ఆ తర్వాత ఎవరైనా 'ఇస్లాండ్' అంటే నవ్వు మాట మీదికి పోతుంది, మనిషి మీదికి రాదు. ఏ కరదీపికలోనూ లేని ఆనంద కృత్యం ఇది. ఖర్చు లేదు, చార్టులు అక్కర్లేదు.

ఇక నా పేచీ సంగతి. సెలిగ్‌మన్, ఆయన సహచరులు 2005లో ప్రకటించిన ప్రయోగాల్లో 'మూడు మంచి సంగతులు' అనేది ప్రసిద్ధం. ఒక వారం పాటు ప్రతి రాత్రీ ఆనాడు జరిగిన మూడు మంచి సంగతులు రాయాలి, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. అలా రాసినవారిలో సంతోషం పెరిగి ఆరు నెలల దాకా నిలిచిందని వారు చూపారు. ఇంగ్లీషు మాస్టారుగా నన్ను ఆకర్షించినది దాని నిర్మాణం. జరిగినది చెప్పాలి కాబట్టి భూతకాలం రావాలి, ఎందుకో చెప్పాలి కాబట్టి 'బికాజ్' రావాలి. నేను నెల రోజులు నల్లబల్ల మీద కుస్తీ పట్టే రెండు సంగతులు ఇందులో వాటంతటవే వస్తాయి. 2023లో దసరా సెలవుల తర్వాత ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాను.

వారం తిరిగేసరికి నలభై నోటుపుస్తకాలు నా బల్ల మీదున్నాయి. నలభైలోనూ ఒకటే పాఠం. ఐ యామ్ హ్యాపీ బికాజ్ మై టీచర్ ఈజ్ గుడ్. ఐ యామ్ హ్యాపీ బికాజ్ మై స్కూల్ ఈజ్ గుడ్. క్లాసు లీడరు రాసిన మూడు వాక్యాలు బెంచీ నుంచి బెంచీకి ప్రయాణం చేశాయి. నాకు వెంటనే గిరీశం గుర్తొచ్చాడు. 'కన్యాశుల్కం'లో వెంకటేశం తల్లి ఇద్దరినీ ఇంగ్లీషులో మాట్లాడమంటే, వాళ్ళు బడిలో బట్టీపట్టిన ముక్కలు ఒకరిమీదొకరు విసురుకుని ఆవిణ్ణి మురిపించలేదూ? అడిగినావిడ సంతోషించింది, అడిగించుకున్నవాళ్ళు గట్టెక్కారు. నా పిల్లలు నాకు చేసినదీ అదే. మాస్టారికి సంతోషం కావాలట, ఇచ్చేశారు.

ఇందులో పిల్లల తప్పు లేదు. సెలిగ్‌మన్ ప్రయోగంలో పాల్గొన్నవారు అంతర్జాలంలో చూసి, తమంతట తాము వచ్చిన పెద్దలు. నా వాళ్ళు హాజరుపట్టీలో పేరున్నందుకు వచ్చిన పిల్లలు. మాస్టారు అడిగినదానికి ఒక సరైన జవాబు ఉంటుందనీ, అది తెలిసినవాణ్ణి చూసి రాయాలనీ ఎనిమిదేళ్ళుగా మనమే నేర్పాం. సంతోషానికి కూడా సరైన జవాబు ఉంటుందని వాళ్ళనుకుంటే ఆశ్చర్యమేముంది? పెద్దాయన అడిగిన మార్కుల ప్రశ్న అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

అందుకని మూడు మార్పులు చేశాను. నోటుపుస్తకాలు దిద్దడం మానేశాను. ముందు పక్కవాడికి తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషులో చేతనైనంత రాయమన్నాను. రాని మాట తెలుగులోనే వదిలేయవచ్చునన్నాను. ఈ మూడోదానికి సహోద్యోగుల నుంచి అభ్యంతరం వచ్చింది. 2019 నవంబరులో ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది, 2023లో టోఫెల్ శిక్షణ వచ్చింది, 2024లో ప్రభుత్వం మారాక అదీ పోయింది. పిల్లవాడు ఏ భాషలో చదవాలో పెద్దలు తేల్చుకునేలోగా పిల్లవాడు ఏ భాషలోనూ మాట్లాడకుండా కూర్చున్నాడు. తెలుగు మెట్టు మీద కాలుపెట్టి ఇంగ్లీషు గట్టెక్కితే ఆ గట్టుకు వచ్చిన నష్టమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, మన్నించాలి. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప మా ఊళ్ళో 1213లో శాసనం వేయించాడు. ఆయన రాసిన 'నృత్తరత్నావళి'లో ఎనిమిది అధ్యాయాలుంటే సగం మార్గానికి, సగం దేశికి. శాస్త్రం చెప్పిన నాట్యంతో పాటు జనం ఆడుకునే ఆటకూ సమానంగా చోటిచ్చిన మనిషి. శిక్షణలో మాకు నేర్పిన కృత్యాల్లో, పిల్లలందరూ వలయంగా నిలబడి ఒకరి చేయి ఒకరు పట్టుకుని కళ్ళు మూసుకోవడం ఒకటి. మా ఎనిమిదో తరగతిలో అబ్బాయీ అమ్మాయీ చేతులు పట్టుకోవడమా! ఆ రోజు ఆనందం కంటే రభస ఎక్కువైంది. మర్నాడు ఆవరణలో సుద్దతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీయించాను. ఇన్, ఆన్, ఓవర్, అవుట్ అనే మాటలు ఒంటికాలి మీద గెంతుతూ వచ్చేశాయి. గీత తొక్కినవాడితో తగువుకు దిగిన ఒక అమ్మాయి, తగువంతా ఇంగ్లీషులోనే నడిపింది. వచ్చినంత ఇంగ్లీషులో. జాయపను తలచుకున్నాను.

"సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు మాస్టారూ?" అని అడిగేవారికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నలభై అయిదు నిమిషాల పీరియడులో పది నిమిషాలు ఇందుకు పోతాయి. ఆ ఏడు చివరి రెండు పాఠాలు పరుగుమీద చెప్పాను. దాచుకోవడమెందుకు?

ఆ డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసి పనల మీదున్న వరి నీళ్ళలో నానింది, కోయనిది నేలకొరిగింది. సెలవుల తర్వాత బడి తెరిచిన వారం, అలవాటు ప్రకారం నేను మూడు మంచి సంగతులు రాయమన్నాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఊరుకున్నాడు. ఏం రా అంటే, "ఏం జరగలా సార్" అన్నాడు. వాళ్ళ నాన్న కౌలురైతు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవక తప్పదు.

ఆ క్షణంలో నా చేతిలోని కృత్యం నాకే సిగ్గు తెప్పించింది. ఆ వారం ఆ ఇంట్లో మూడు మంచి సంగతులు వెతకమనడానికి నేనెవర్ని? సంతోషంగా ఉండమని బలవంతపెట్టడం కూడా ఒక రకమైన బెత్తమే. "మంచి అక్కర్లేదు, జరిగింది రాయి" అన్నాను. "తప్పులు పోతాయి సార్" అన్నాడు. పోనీమన్నాను. చాలాసేపు కూర్చుని రాసి తెచ్చాడు. రెయిన్ కేమ్. పాడీ ఫెల్. ఫాదర్ నాట్ స్లీప్ బికాజ్ కౌలు.

చివరి మాట తెలుగు అక్షరాల్లో ఉంది. ఎర్రకలం జేబులోనే ఉంచుకుని ఆ వాక్యాలు రెండుసార్లు చదివాను. 'బికాజ్' తర్వాత ఆ తరగతిలో ఎవరూ అంత నిజం రాయలేదు. మర్నాడు వాడే వచ్చి, "కౌలుని ఇంగ్లీషులో ఏమంటారు సార్?" అని అడిగాడు. లీజ్ అన్నాను. కాసేపు ఆలోచించి, "అది గుంటూర్లో హోర్డింగుల మీద రాస్తారు కదా సార్, అదేనా?" అన్నాడు. రెంట్ అన్నాను. "అది ఇంటికి కదా" అన్నాడు. టెనెన్సీ అని బల్ల మీద రాసి చూపించాను. దాన్ని రెండుసార్లు పలికి చూసుకుని, నోటుపుస్తకం తెరిచి, కొట్టివేయబోయి ఆగి, మూసేశాడు. ఆ పుస్తకంలో ఆ మాట తెలుగులోనే ఉండిపోయింది.