బండి కూడా అమానతే



దాదాజాన్ వదిలివెళ్లిన అంబాసిడర్‌నో, పాత ఫియట్‌నో బాగుచేయించాలనే షౌఖ్ ఈమధ్య మన ఖాందాన్లలో పెరిగింది. ముబారక్! కానీ షెడ్డు ఎంచుకునే తరీఖా చూస్తే నాకు కోపమొస్తోంది. "మనోడే, నమాజీ, జబాన్ ఇచ్చాడు" అంటారు. ఫోన్లో రెండు మెరిసే ఫోటోలు చూస్తారు. తాళాలు, అడ్వాన్సు చేతిలో పెట్టేస్తారు.

ఆయన నమాజు సవాబు ఆయనది. మన బండి హిసాబ్ మనకు కావాలి.

బజారులో ధాన్యం రాశిలోకి హుజూర్ (స) చెయ్యి పెట్టి చూసిన వాఖియా మన పిల్లలకు కూడా తెలుసు. పైన పొడి, లోపల తడి. తుప్పు రేకు మీద లప్పం మందంగా మెత్తి రంగు కొట్టడం కూడా ఆ తడి ధాన్యమే కదా? అంబాసిడర్‌కీ, ఆ ఫియట్‌కీ విడిగా ఫ్రేము ఉండదు. బరువంతా బాడీయే మోస్తుంది. తలుపుల కింది అంచుల్ని, ఫ్లోరుని తుప్పు తినేస్తే పోయేది అందం ఒక్కటే కాదు, లోపల కూర్చున్న మన బాల్‌బచ్చాల జాన్‌కే ఖత్రా.

కాబట్టి మనమూ చెయ్యి పెట్టి చూడాలి. ఆ షెడ్డులో ఇదివరకు చేసిన బండి ఒకటి చూపించమనండి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం రేకుకి ఆనించండి. లప్పం మందంగా ఉన్నచోట అంటుకోదు. మ్యాట్లు ఎత్తి చూడండి. పాత రంగు గీకేశాక, కొత్తది కొట్టకముందు వచ్చి చూస్తామని చెప్పండి. "ఇప్పుడొద్దు సాబ్, అంతా అయ్యాక చూద్దురు" అంటే ఖుదాహాఫిజ్ చెప్పి వచ్చేయండి.

ఇంకో దోకా ఇంజన్ది. "ఈ పాతది ఎందుకు భాయ్, వేరే డీజిల్ ఇంజన్ పెట్టేస్తా" అంటారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత బండికి 'వీఏ' సిరీస్ నంబరు తీసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఒక షరతు: చాసిస్, బాడీ, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉండాలి. దాదాజాన్ ఇంజన్ని తుక్కుకి వేసినవాడు ఆ హఖ్‌ని కూడా తుక్కుకి వేసినట్టే.

"మనలో మనకి కాగితాలేంటి, ఉస్తాద్ నారాజ్ అవుతాడు" అంటారా? ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అప్పు లావాదేవీని రాసుకోమని, గవాహుల్ని పెట్టుకోమని చెప్పే ఆయత్ అది. అల్లాహ్ హుకుం అలా ఉంటే మనకెందుకీ లిహాజ్? ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు, చేసే పని, ఖర్చు, గడువు, విప్పిన పాత సామాను తిరిగివ్వడం, అన్నీ రాయించండి. డబ్బు పని జరిగినంత మేరకే ఇవ్వండి.

నేను మిస్త్రీలకి దుష్మన్‌ని కాను. సుత్తి ఒక్కటే పట్టుకుని చచ్చిన రేకుకి జాన్ పోసే ఉస్తాద్‌లు మన మొహల్లాల్లోనే ఉన్నారు. అద్దాల షోరూం కన్నా వాళ్ల చిన్న షెడ్డే నయం కావచ్చు. అసలైన పనివాడు అయస్కాంతానికి జంకడు, కాగితానికీ జంకడు. కానీ వాడి మజ్దూరీని నెలలతరబడి లాగితే అది మన జుల్మ్. హిసాబ్ అడిగే హఖ్, హిసాబ్ తీర్చేవాడికే ఉంటుంది.