గుబులు దాచుకుంటే పోతుందా?

పిల్లలూ! పరీక్ష కాగితం చేతికి రాగానే గుండె దడదడలాడి, చదివినదంతా మరిచిపోయినట్టు మీకెప్పుడైనా అనిపించిందా? అలాంటప్పుడు కొందరు, "నాకేం భయం!" అని పైకి బింకంగా కూర్చుంటారు. కాని దాచినంత మాత్రాన గుబులు పోదు.

లెక్క చేసేటప్పుడు అంకెలను కాస్సేపు మనసులో నిలుపుకోవాలి గదా? ఆ చోటు చాలా చిన్నది. గుబులు వచ్చి అందులో తిష్ఠ వేస్తే అంకెలకు చోటు చాలదు.

మరి దాన్నేం చెయ్యాలి? అమెరికాలో రమిరెజ్, బైలాక్ అనే శాస్త్రజ్ఞులు 2011లో ఒక చిత్రమైన ప్రయోగాన్ని ప్రకటించారు. వాళ్ళు తొమ్మిదో తరగతి పిల్లలలో కొందరిచేత, జీవశాస్త్రం పరీక్షకు ముందు 10 నిమిషాలపాటు తమ భయాలను ఉన్నవున్నట్టు రాయించారు. పరీక్షలంటే బెదురుగల పిల్లలలో, అలా రాసినవారికి రాయనివారికంటె మంచి మార్కులు వచ్చాయి! తరవాత ఇతరులు చేసిన ఇలాంటి ప్రయోగాలు కొన్నిటిలో ఈ ఫలితం కనబడలేదు. కనక ఇది మంత్రమేమీ కాదు, చదవటం చదవవలసిందే.

అయినా గుబులును కాగితంతోనో, అమ్మతోనో చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది. పెద్దలు కూడా "ఇంతదానికే భయమా?" అని నవ్వకుండా చివరిదాకా వినాలి. వినేవారుంటేనే గదా పిల్లలు చెప్పేది!