మీట నొక్కినా మేల్కొనని ల్యాప్‌టాప్

పరీక్షల కాలం దగ్గర పడుతున్నప్పుడు చదువుకునే పిల్లలున్న ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: “ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదు.” ఆ మాట చెవిన పడగానే తండ్రి దానిని సంచిలో పెట్టుకుని మరమ్మతు దుకాణానికి బయలుదేరుతాడు. దుకాణంలోని కుర్రవాడు ఒకసారి మీట నొక్కి చూసి “బోర్డు పోయింది” అంటాడు. ఆ రెండు మాటలతో వేల రూపాయల లెక్క మొదలవుతుంది.

జ్వరం అన్నంత మాత్రాన రోగమేదో తెలియనట్లే, ఆన్ కావడం లేదన్నంత మాత్రాన లోపమేదో తెలియదు. కరెంటు లోపలికి చేరకపోయినా, చేరిన కరెంటును బ్యాటరీ తీసుకోకపోయినా, యంత్రం నడుస్తూ తెర మాత్రమే వెలగకపోయినా, అన్నీ వెలిగి విండోస్ ఒక్కటే లేవకపోయినా ఇంట్లోవారు చెప్పే వాక్యం అదే. ఈ నాలుగింటిలో తమది ఏదో తేల్చుకోవడానికి అరగంట తీరిక చాలు. స్క్రూడ్రైవరు పట్టవలసిన పని కూడా లేదు.

అన్నిటికన్నా ముందు ల్యాప్‌టాప్‌ను చదునైన బల్ల మీద ఉంచి చూడండి. అటూ ఇటూ ఊగుతున్నదా? టచ్‌ప్యాడ్ పైకి ఉబికి వచ్చిందా? మూత సరిగా మూసుకోవడం లేదా? వీటిలో ఏది కనిపించినా లోపలి లిథియం బ్యాటరీలో వాయువు చేరి అది ఉబ్బి ఉండవచ్చు. ఇక ఏ ప్రయోగమూ చేయరాదు. ఛార్జర్ తీసివేసి, పరుపులకు, పరదాలకు, పిల్లల చేతులకు దూరంగా ఉంచి, కంపెనీ సర్వీసు కేంద్రానికి చేర్చాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కినా గుచ్చినా మంట పుట్టవచ్చు. దానిని చెత్తబుట్టలో వేయడమూ తగదు. పాత బ్యాటరీలను సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదనే ఉంచాయి.

ఉబ్బు లేదని నిశ్చయమైతే గోడ దగ్గర నుండి మొదలుపెట్టాలి. అదే సాకెట్టులో ఫోను ఛార్జరు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మధ్యలో ఉంటే దానిని తప్పించి నేరుగా గోడకే పెట్టండి. తరువాత అడాప్టరు. చాలా అడాప్టర్లలో రెండు భాగాలు ఉంటాయి: నల్లని ఇటుక వంటి పెట్టె, దానిని గోడకు కలిపే విడి తీగ. ఆ తీగను పెట్టెలోకి గట్టిగా నొక్కి చూడటం చాలామందికి తోచదు. మా వీధిలోని ఒక పెద్దాయన ఒక సాయంత్రం మసీదు మెట్ల మీద నన్ను ఆపి, “మౌలానా, అమ్మాయి ల్యాప్‌టాప్ బోర్డు పోయిందట. పదకొండు వేలు అడుగుతున్నారు. ప్రాజెక్టు అంతా అందులోనే ఉంది” అన్నారు. “భాయీ సాబ్, గోడ నుండి వచ్చే తీగ మార్చి చూశారా?” అని అడిగాను. చూడలేదట. మదరసాలోని కంప్యూటరు గదిలో అదే రకం తీగ ఒకటి ఉంటే ఇచ్చి పంపాను. ఆ రాత్రే ల్యాప్‌టాప్ వెలిగింది. ప్రతి ఇంటిలోనూ ఇంత తేలికగా తీరుతుందని నేను చెప్పను. అయితే బోర్డు విప్పడానికి ముందు తీగను అనుమానించడం న్యాయం.

అడాప్టరు మీద చిన్న దీపం ఉంటే దానిని గమనించండి. గోడకు పెట్టగానే వెలిగి, ల్యాప్‌టాప్‌కు తగిలించగానే ఆరిపోతే, లోపల ఎక్కడో షార్టు ఉండగా అడాప్టరు తనను తాను కాపాడుకుంటున్నదని భావించవచ్చు. అప్పుడు దుకాణానికి వెళ్లక తప్పదు. ఆ సంగతి అక్కడ చెబితే మరమ్మతు చేసేవారికి సగం పని తేలికవుతుంది.

వేరే అడాప్టరు అరువు తెచ్చి చూసేవారు దాని వెనుక ఉన్న అక్షరాలను చదవాలి. అవుట్‌పుట్ అన్న చోట 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని ఉంటే రెండింటినీ గుణించగా వచ్చే 65 వాట్లు దాని సామర్థ్యం. వోల్టులు పాతదానితో సరిపోవాలి. ఆంపియర్లు ఎక్కువ ఉంటే నష్టం లేదు, తక్కువ ఉండరాదు. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్లు కాదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో టైప్-సి రంధ్రం ఉండటం వలన ఫోను ఛార్జరు కూడా దూరుతుంది, కాని 45 లేక 65 వాట్లు కోరే యంత్రాన్ని 18 వాట్ల ఫోను ఛార్జరు లేపలేకపోవచ్చు. ఒకే ల్యాప్‌టాప్‌కు రెండు టైప్-సి రంధ్రాలున్నా ఛార్జింగ్ ఒకదానికే ఉండే మోడళ్లు ఉన్నాయి. రెండవ దానిలోనూ పెట్టి చూడండి.

ఛార్జర్ ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆరిపోయే ల్యాప్‌టాప్ విషయం వేరు. బ్యాటరీ ఆయుష్షు తీరి ఉండవచ్చు. లేదా అడాప్టరును యంత్రం గుర్తించకపోయి ఉండవచ్చు. డెల్ వంటి కంపెనీల గుండ్రని పిన్ను మధ్యలో సన్నని సూది ఉంటుంది. అది అడాప్టరు ఏదో ల్యాప్‌టాప్‌కు తెలియజేస్తుంది. ఆ సూది వంగినా విరిగినా యంత్రం నడుస్తుంది కాని బ్యాటరీ నిండదు. ఇక ఛార్జింగ్ ప్రతిసారీ 80 శాతం దగ్గర ఆగుతున్నదని కంగారు పడేవారు ఉన్నారు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నేందుకు చాలా కంపెనీలు ఇచ్చే అమరిక అది, సెట్టింగులలో మార్చుకోవచ్చు.

అన్నీ సరిగా ఉండి కూడా యంత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే ఛార్జర్ తీసివేయండి. బ్యాటరీ ఊడదీయగల పాత రకమైతే దానినీ తీయండి. తరువాత పవర్ మీటను 30 సెకన్లు అదిమి పట్టి వదిలి, ఛార్జర్ మాత్రం తగిలించి మళ్లీ నొక్కండి. ల్యాప్‌టాప్ ఆగి ఉన్నప్పుడు కూడా కరెంటు రాకపోకలను చూసుకునే చిన్న చిప్పు ఒకటి లోపల మెలకువగా ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు అది చిక్కుపడిపోవడం కద్దు. మిగిలిన కరెంటు కూడా ఆరిపోతే అది మొదటి నుండి లెక్క సరిచూసుకుంటుంది. సెలవులంతా బీరువాలో పెట్టి ఉంచిన ల్యాప్‌టాప్ అయితే, బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది. గంటసేపు ఛార్జింగ్‌లో వదిలిన తరువాతే మీట నొక్కాలి.

ఫ్యాను శబ్దం వస్తూ, క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటే యంత్రం బ్రతికే ఉంది. లోపం తెర వైపు ఉంది. చీకటి గదిలో తెర మీద టార్చి ఏటవాలుగా వేస్తే లీలగా బొమ్మ కనిపిస్తుందేమో చూడండి. హెచ్.డి.ఎం.ఐ. తీగతో ఇంట్లోని టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే ఫైళ్లను అప్పటికప్పుడే పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవచ్చు.

కంపెనీ గుర్తు కనిపించి అక్కడే ఆగిపోతే ముందు పెన్‌డ్రైవులు, ఇతర తీగలు అన్నీ తీసివేయండి. కొన్నిసార్లు విండోస్ తనంతట తానే మరమ్మతు తెర చూపుతుంది. అందులో రీసెట్ అన్న దాని జోలికి తొందరపడి వెళ్లవద్దు. ‘అన్నీ తొలగించు’ అన్నది ఎంచుకున్నారా, సంవత్సరాల శ్రమ తుడిచిపెట్టుకుపోతుంది.

అసలు ప్రాణం డిస్కులో ఉన్నదే కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. బోర్డు నిజంగానే పోయినా చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కు విడిగా ఉంటుంది. దానిని తీసి, చవకగా దొరికే యు.ఎస్.బి. పెట్టెలో అమర్చి మరో కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు కనిపిస్తాయి. బోర్డుకే అతికించి ఉన్న కొన్ని మోడళ్లలో ఇది కుదరదు. ఇటీవలి విండోస్ ల్యాప్‌టాప్‌లలో మరొక చిక్కు ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినప్పుడు చాలావాటిలో డిస్కుకు బిట్‌లాకర్ రకపు తాళం తనంతట తానే పడుతుంది. బోర్డు మార్చినా, డిస్కును వేరే యంత్రానికి తగిలించినా 48 అంకెల తాళపు సంఖ్య అడుగుతుంది. అది లేనిదే ఎంతటి నిపుణుడైనా ఆ ఫైళ్లను చదవలేడు. ఆ సంఖ్య ఏ ఖాతాతో ల్యాప్‌టాప్ మొదలుపెట్టారో ఆ ఖాతాలో భద్రంగా ఉంటుంది. కొన్న రోజున దుకాణంవారే ఏదో ఈమెయిల్‌తో తెరిచి ఇచ్చి ఉంటే, ఆ ఈమెయిల్ ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు! కాబట్టి ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్నప్పుడే ఖాతా ఎవరి పేర ఉన్నదో చూసి, మైక్రోసాఫ్ట్ ఖాతాలోని రికవరీ కీ పేజీ తెరిచి, ఆ 48 అంకెలను కాగితం మీద రాసి రేషన్ కార్డు పెట్టే చోట పెట్టండి.

దుకాణానికి ఇవ్వక తప్పనప్పుడు ఇంటి ఆడవారి ఫోటోలు, నికాహ్ వీడియోలు, తండ్రి లెక్కలు కూడా ఆ సంచిలోనే వెళుతున్నాయని మరువరాదు. వాటిని అమానత్‌గా చూసే మరమ్మతుదారులు ఉన్నారు, అయినా అడగవలసిన బాధ్యత ఇచ్చేవారిది. కరెంటు లోపం సరిచేయడానికి సాధారణంగా పాస్‌వర్డ్ అవసరం లేదు. డిస్కు తీయగలిగిన మోడల్ అయితే దానిని మీ ఎదుటే తీయించి ఇంటికి తెచ్చుకోండి. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్నవారికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే కప్పు కింద ఎన్నో దుకాణాలు ఉన్నాయి. ఒకరు బోర్డు అంటే మరొకరిని అడగడానికి పది అడుగులు వేస్తే చాలు. ఏ భాగం మారుస్తున్నారు, ఎంతకు, పాత భాగం తిరిగి ఇస్తారా అన్నవి, ‘అడగకుండా ఫార్మాట్ చేయరాదు’ అన్న ఒక్క పంక్తి, ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరు రసీదు మీద రాయించుకుని, దానిని ఫోనులో ఫోటో తీసుకోండి.