టీకా పాఠం పిల్లలు చెప్పవచ్చు, సంతకం పెద్దలదే

అమలాపురం: హైస్కూలు పిల్లలకు టీకాల గురించి తోటి పిల్లల చేతనే చెప్పించాలన్న ఆలోచన మంచిదే. అయితే పిల్లలకు చెప్పడం వేరు, ఇంటి పెద్దల అనుమతి తీసుకోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే గాట కడితే ఏమవుతుందో మన రాష్ట్రానికి ఒకసారి అనుభవమే.

కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో ప్రారంభించిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయులు శిక్షణ పొంది ఆరోగ్య పాఠాలు చెప్పాలి. విద్యార్థులు ఆరోగ్య దూతలుగా ఆ సంగతులను తోటివారికి, ఇంట్లోవారికి చేరవేయాలి.

ఈ దూతల అవసరం టీడీ టీకా విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. పసితనంలో వేసిన టీకాల బలం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందువల్ల ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా 10వ ఏట ఒకసారి, 16వ ఏట మరొకసారి టీడీ వేస్తారు. ఇది ఉచితం. కాని 16 ఏళ్లంటే మన పల్లెల పిల్లలు టెన్త్ ముగించి ఇంటర్‌కు ఊరు మారే వయసు. బడి రిజిస్టరులో పేరుండదు, కొత్త కాలేజీలో టీకా సంగతి అడిగేవారు ఉండకపోవచ్చు. సూది వేయించుకోనిదెవరో ముందుగా తెలిసేది పక్క బెంచీ నేస్తానికే.

ఖమ్మం అనుభవం

గోదావరికి ఎగువన, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో 2009లో జరిగినది గుర్తు చేసుకోవాలి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకమది. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు. ఆ మరణాల్లో పాముకాటు, నీట మునగడం, పురుగుమందు తాగడం వంటివి ఉన్నాయని, టీకాకు ముడిపెట్టే ఆధారం లేదని విచారణలో తేలింది.

అయితే తప్పు మరోచోట బయటపడింది. పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 పత్రాలపై హాస్టలు వార్డెన్లే సంతకాలు చేశారని, 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఎత్తిచూపింది. తల్లిదండ్రులకు చెప్పకుండా వేసినందున పనికివచ్చే టీకా పేరు చెబితేనే జనం అనుమానపడే పరిస్థితి వచ్చింది.

దేశంలో ఏటా లక్షకు పైగా స్త్రీలకు ఈ క్యాన్సరు కొత్తగా బయటపడుతోంది. 9 నుంచి 20 ఏళ్ల వారికి ఒక్క మోతాదుతోనూ సరిపెట్టవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం 2024 మధ్యంతర బడ్జెట్‌లో ప్రకటించింది. కనుక ఖమ్మం పాఠం ఇప్పుడు మనకూ అవసరమే.

అమ్మమ్మ చేతికి కాగితం

కోనసీమలో వార్డెను సంతకం కంటె వేలిముద్ర సంగతే ఎక్కువ ఆలోచించవలసినది. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లగా పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర పెరిగే ఇళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. చదువురాని ఆ పెద్దావిడ "బడివాళ్లు పంపారు గదా" అని వేలిముద్ర వేస్తే అది అనుమతి అనిపించుకోదు.

ఆ కాగితం చదివి వినిపించగలిగేది ఆ ఇంటి పిల్లే. ఏ జబ్బుకు, ఎన్ని మోతాదులు, చేయి నొప్పో జ్వరమో వస్తే ఎవరికి చెప్పాలి అన్నవి అమ్మమ్మకు, ఫోనులో తల్లికి వినిపించాలి. వారడిగిన ప్రశ్నలను ఏఎన్ఎం దగ్గరకు తేవాలి. తెలియనిదానికి జవాబు కల్పించకూడదు. వద్దన్న ఇంటి పిల్లను తరగతిలో ఎగతాళి చేయకూడదు.

సూదికి భయపడి ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే సాయంత్రానికి అది నాలుగు ఊళ్ల పుకారవుతుంది. ఇలా పడిపోవడం ఈ వయసులో మామూలేనని ముందే చెప్పి, టీకా తర్వాత అరగంట కూర్చోబెడితే ఆ బెడద తగ్గుతుంది.

ప్రధానోపాధ్యాయులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు తెలుగులో పెద్ద అక్షరాల అనుమతి పత్రాన్ని కనీసం వారం ముందు ఇళ్లకు పంపాలి. తల్లిదండ్రుల సమావేశానికి అమ్మమ్మలనూ పిలవాలి. ఇంటివారి బదులు బడివారు సంతకం చేసే పద్ధతి ఎక్కడా ఉండరాదు.