ఇంట గెలిచి... రచ్చ గెలిచి!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ ఆడే కుర్రాళ్లకు ఈ సామెత తెలియకపోవచ్చు. కానీ ఏటా మే నెలాఖరులో వాళ్లు పడే తంటా అంతా దానికోసమే.

అక్కడి కాలేజీ జట్లు 'కాన్ఫరెన్స్'లుగా విడిపోయి ఆడతాయి. మన దగ్గరి జోన్ల లాంటివే అనుకోండి. ఫిబ్రవరిలో మొదలుపెట్టి యాభైకి పైగా మ్యాచ్‌లు ఆడాక, చాలా కాన్ఫరెన్స్‌లు చివర్లో కొద్దిరోజుల టోర్నీ పెడతాయి. అందులో నెగ్గిన జట్టుకు జాతీయ పోటీల్లోకి నేరుగా ప్రవేశం. అక్కడ ఉండేది 64 జట్లకే చోటు. కాన్ఫరెన్స్ విజేతలు పోగా మిగిలినవాటిని సెలక్షన్ కమిటీ ఎంపిక చేస్తుంది. పేరున్న జట్లు ఓడినా కమిటీ దయ ఉంటుంది. చిన్న జట్లకు మాత్రం టోర్నీయే దిక్కు. ఓడితే ఆఖరి సంవత్సరం కుర్రాళ్లలో చాలామందికి బ్యాటు అటకెక్కినట్టే.

2008లో ఫ్రెస్నో స్టేట్ పరిస్థితి సరిగ్గా ఇదే. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటలకూ కిస్‌మిస్‌కూ పేరుపడ్డ ఊరు ఫ్రెస్నో. ఆ ఏడాది వాళ్ల జట్టుకు ఓటములూ తక్కువేం కాదు. కమిటీ పిలుస్తుందన్న ఆశ ఎవరికీ లేదు. కానీ వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ టోర్నీ గెలిచి తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

వచ్చినా విలువేముంది? నాలుగు జట్ల తొలి గ్రూపులో నాలుగో ర్యాంకే ఇచ్చారు. ఆ గ్రూపులో నెగ్గింది. తర్వాత గట్టి జట్టు అరిజోనా స్టేట్‌ను దాని సొంతగడ్డ మీదే ఓడించింది. చివరి ఎనిమిది జట్లు ఆడే ఒమాహా నగరానికి చేరింది. ఫైనల్ జార్జియాతో. మూడింట్లో రెండు గెలవాలి. మొదటిది 7-6తో పోయింది. రెండోది 19-10తో దక్కింది.

జూన్ 25న ఆఖరి పోరు. స్టీవ్ డెట్‌వైలర్ అనే కుర్రాడి బొటనవేలి లిగమెంట్ అప్పటికే తెగి ఉంది. నొప్పి పళ్లబిగువున భరిస్తూ బ్యాటు పట్టాడు. రెండు హోమ్‌రన్లు బాదాడు. జట్టు చేసిన ఆరు పరుగులూ అతని బ్యాటు పుణ్యమే. 6-1తో కప్పు ఫ్రెస్నోదే! అంత కింది ర్యాంకుతో వచ్చి ఆ టైటిల్ గెలిచిన జట్టు అంతకుముందు లేదు.

సీజన్ మొత్తం లెక్క తీస్తే 47 గెలుపులు, 31 ఓటములు. అన్ని ఓటములతో చాంపియన్ అయిన జట్టూ అంతకుముందు లేదు. మార్కుల జాబితా చూసి మాత్రమే పిలిచి ఉంటే, ఆ కుర్రాళ్లు జూన్ నెలంతా ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లు.

ఏడాది పొడవునా తడబడ్డ పిల్లాడికి ఆఖరి పరీక్ష ఒకటి మిగిలే ఉంటే, మన ఇళ్లలోనూ కాస్త ఓపిక పట్టడం మంచిదేమో!