అసలును నిలిపే నకలు

కాపీ అన్న మాట వినగానే మనకు పరీక్షా మందిరమే గుర్తుకు వస్తుంది. ఆ చెడ్డపేరు ఒక గొప్ప విద్యను మరుగుపరచిందని మా అభిప్రాయం. అసలు, నకలు అనే రెండు మాటలూ అరబ్బీలో పుట్టి, పారశీక, ఉర్దూల మీదుగా తెలుగింట స్థిరపడినవే. మూలం చెడకుండా ప్రతి వ్రాసే కాతిబుకు సమాజంలో గౌరవముండేది. మన కడపలోనే సి.పి. బ్రౌను (1798-1884) సొంత ధనం వెచ్చించి, పండితులచేత ప్రతులు వ్రాయించి, వాటిని ఒకదానితో నొకటి సరిపోల్చి చూపించారు. నాటి తాళపత్రానికి చెద ఎటువంటిదో, నేటి కంప్యూటరుకు డిస్కు చెడిపోవడం అటువంటిదే.

గత ఏడు మేము ఒక పాత కంప్యూటరులోని లినక్సును కొత్త డిస్కుకు మార్చబూనినాము. పాటలు ఎక్కించినట్లే ఫైళ్ళన్నిటినీ ఎక్కించాము. కాని యంత్రం లేవలేదు! ఫైళ్ళ యజమానుల పేర్లన్నీ ఒక్కటైపోయినవి. లినక్సులో ఫైలు అంటే అందులోని విషయం మాత్రమే కాదు. దాని యజమాని, అనుమతులు, మరొక ఫైలుకు దారిచూపే లింకులు కూడ రావలెను.

అందుకు 1996లో వెలువడిన ఆర్‌సింక్ వంటి సాధనాన్ని రూట్ అధికారంతో, తగిన ఐచ్ఛికాలతో వాడవలెను. నడుస్తున్న వ్యవస్థలో ఫైళ్ళు మారుతూ ఉంటాయి గనుక, వేరొక పెన్‌డ్రైవు నుండి యంత్రాన్ని లేపి ఈ పని చేయుట క్షేమం. ప్రాక్, సిస్ అనే డైరెక్టరీలలో కనిపించేవి కెర్నెల్ అప్పటికప్పుడు చూపే నీడలు, వాటిని విడువవలెను. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో కొత్త డిస్కు గుర్తింపు సంఖ్య వ్రాసి, యంత్రాన్ని లేపే గ్రబ్‌ను తిరిగి నెలకొల్పవలెను. చివరకు పాత డిస్కును ఊడదీసి, కొత్తదానితోనే యంత్రాన్ని నడిపి చూడవలెను. ఒంటరిగా నిలబడనిది నకలు కాదు, భ్రమ.

లినక్సు నకలు తీయుట దొంగతనం కాదు. ఆ స్వేచ్ఛ దాని లైసెన్సులోనే ఉన్నది. మన మండలంలోని ఇడుపులపాయలో 2008లోనే సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం వెలసింది. ఇది దూరపు నగరాల విద్య అని మనం తప్పించుకొనజాలము.

కనుక కళాశాల కమిటీవారికి మా విన్నపం ఒక్కటే. ప్రయోగశాలకు రెండు అదనపు డిస్కులు ఇప్పించండి. ఒకటి వేరొక భవనంలో భద్రపరచండి. ఏటేటా నకలు తీసి, నడిపి చూపే బాధ్యత విద్యార్థులకు అప్పగించండి. పరీక్షలో కాపీ కొట్టినవాడు తనను తాను మోసగించుకొంటాడు. ఇక్కడ కాపీ నేర్చినవాడు పదిమంది శ్రమను కాపాడుతాడు.